వైజాగ్‌లో ప్రహరీకి బదులు పండ్ల చెట్లను తీగలకు పరిచి కంచెలా పెంచొచ్చా? ఏ చెట్టు వేయాలి?

పెంచొచ్చు. జామ వేయండి. ఫొటోల్లో కనిపించే ఆపిల్, పియర్ కంచెలు చలిదేశాలవి. ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు తగిలితే గానీ వాటి మొగ్గ సరిగ్గా విచ్చుకోదు. మనకు డిసెంబరు రాత్రి 15 డిగ్రీలకు దిగితే చాలు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. నర్సరీల్లో "వేడిని తట్టుకునే ఆపిల్" అంటూ అమ్మేది బతికితే బతుకుతుంది, కంచె మాత్రం కాదు.

మామిడికి పూత కొమ్మ చివర్న వస్తుంది. కంచె కోసం చివర్లు కత్తిరించారంటే ఆ ఏడు కాపు పోయినట్టే. దానిమ్మకు ఈ సముద్రపు తేమలో కాయంతా మచ్చలు. నిమ్మ పర్వాలేదు, గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ రకం తీసుకోండి. కాకపోతే కట్టేటప్పుడు ముళ్లు మీ చేతికే దిగుతాయి. జామ అలా కాదు, కొత్త చిగురు మీదే పూస్తుంది, కత్తిరించేకొద్దీ కాస్తుంది. లక్నో-49 రకం కొమ్మ సహజంగానే పక్కకు పోతుంది కాబట్టి పని తేలిక. తొందరగా కాయ చూడాలంటే తైవాన్ పింక్.

అందరూ చెట్టు గురించే అడుగుతారు, తీగ గురించి ఒక్కరూ అడగరు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు జీఐ (జింకు పూత ఇనుప) తీగ ఉప్పుగాలికి త్వరగా తుప్పుపడుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ తీగే వేయండి. సముద్రానికి దూరంగా పెందుర్తి, కొత్తవలస వైపైతే 12 గేజి జీఐ చాలు. ఎనిమిది అడుగుల సిమెంటు స్తంభాలు రెండడుగులు లోపలికి దించి, కాంక్రీటు పోసి, పదేసి అడుగుల ఎడంతో నిలబెట్టండి. చివరి స్తంభాలకు ఏటవాలు ఊతం తప్పనిసరి. మొదటి తీగ అడుగున్నర ఎత్తులో, ఆ పైన అడుగుంపావుకొకటి చొప్పున మరో మూడు. వరస ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దున ఒక ముఖానికి, సాయంత్రం రెండో ముఖానికి ఎండ తగులుతుంది.

జూన్ వానలకు ఆరడుగులకొక అంటు మొక్క. రెండడుగుల గొయ్యి, పది కిలోల గెత్తం, అరకిలో వేపపిండి. కొండవాలు గ్రావెల్ నేలైతే గొయ్యి ఇంకా వెడల్పు చేసి చెరువు మట్టి కలపండి. మొక్క కుదురుకున్నాక మొదటి తీగకు రెండు వేళ్ల కిందకు తలకొట్టేయండి. వచ్చిన చిగుళ్లలో మూడు ఉంచండి: ఒకటి పైకి, రెండు చెరో పక్కకి. పై చిగురు రెండో తీగ అందుకున్నాక అక్కడా ఇదే పని.

అసలు కిటుకు వంచడంలో ఉంది. జామ లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. వేళ్ల మధ్య తిప్పితే అంచులు తెలుస్తాయి. ఆ అంచులున్నంతకాలమే అది మీ మాట వింటుంది. గుండ్రమై గోధుమరంగుకు తిరిగాక వంచితే మొదలు దగ్గరే చీలుతుంది. వంచేది కూడా పొద్దున కాదు, అప్పుడు నీళ్లు నిండి పెళుసుగా ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఆకు కాస్త వడిలినప్పుడు. కొమ్మ పుట్టిన చోట కింద బొటనవేలు ఆనించి, ముందు ఏటవాలుగా ఒక వెదురు బద్దకు కట్టండి. రెండడుగులు సాగాక, పక్షం రోజుల తేడాతో రెండు విడతల్లో తీగ మీదికి దించండి. తొందరపడి మొదటిరోజే పడుకోబెడితే కొస ఎదుగుదల ఆగి, వంపు దగ్గర నీటి కొమ్మలు నిటారుగా లేస్తాయి.

కట్టడానికి పాత నూలు చీర పేలికలు, తీగకూ కొమ్మకూ మధ్య ఎనిమిది అంకెలా మెలివేసి. మేస్త్రీలు వదిలేసిన బైండింగు వైరుతో కట్టేవాళ్లకు దండం పెట్టాలి. జామ బెరడు పలచన, ఆ వైరు లోపలికి కోసుకుపోతుంది, మొదటి పెద్దగాలికి కొమ్మ సరిగ్గా అక్కడే విరుగుతుంది. నెలకోసారి కట్లు వదులు చేయండి.

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే పూత దులిపేసి, చిగుళ్లను సగానికి కత్తిరించండి. ఆ పూత నిలిపితే వచ్చేది వానాకాలపు కాయ, అది పండు ఈగ పురుగులకే. ఇలా చేస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో పూసి చలికాలంలో మంచి కాయ దిగుతుంది. పక్కింటి కొబ్బరి నుంచి తెల్లదోమ వస్తే ఆకు అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, లీటరుకు ఐదు మి.లీ. వేపనూనె సబ్బునీళ్లతో కలిపి చల్లండి. రెండు పక్కలా చెయ్యి అందుతుంది కాబట్టి ఈ పని సులువు.

తుపాను సంగతి మరవద్దు. ఆకు నిండిన వరస గాలికి తెరచాపే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే కాయలు కోసేసి, పై తీగ దాటిన చిగుళ్లన్నీ కొట్టేయండి. గాలి తగ్గాక ఆకు మీది ఉప్పును మంచినీళ్లతో కడగండి.

ఇది ఆవుల్ని, మేకల్ని ఆపదు. జామాకంటే మేకకు ప్రాణం. రోడ్డు వైపు హద్దైతే బయట రెండడుగులకొకటి చొప్పున వాక్కాయ నాటండి. రోడ్ల పక్కన అందానికి వేసే కోనోకార్పస్ మాత్రం వద్దు, ఒక్క కాయ పనికొచ్చేది లేదు. వాక్కాయ ముల్లుకు పశువు రాదు, పప్పులోకి పులుపూ దొరుకుతుంది. రెండు వరసల మధ్య మూడడుగులు వదలండి, లేకపోతే కత్తెర పట్టుకుని లోపలికి వెళ్లలేరు.