యాంటీవైరల్ మందు వేసినా కణాలు చనిపోతుంటే తప్పు వైరస్‌దా, మందుదా?

వైరస్ సోకిన కణాలకు మందు కలిపిన తరువాత కూడా ఎపాప్టోసిస్ (కణం తనను తానే క్రమపద్ధతిలో చంపుకోవడం) కనిపిస్తోందని, దానికి కారణం మందేనా అని మీరు అడిగారు. కణాలను పెంచే ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: రెండూ కారణం కావచ్చు, అయితే మందు వల్ల కలిగే మరణం తరచూ ఆలస్యంగా బయటపడుతుంది.

వైరస్ పెరుగుదలను ఆపిన మందు సాధారణంగా కణాన్ని కాపాడుతుంది. హెచ్ఐవీకి వాడే రిటోనవిర్ వంటి ప్రోటియేజ్ నిరోధకాలు (వైరస్ ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమును ఆపే మందులు) రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాల ఎపాప్టోసిస్‌ను కొంతవరకు నేరుగా తగ్గిస్తాయని కూడా పరిశోధనలు చూపాయి. చిక్కు ఎక్కువగా న్యూక్లియోసైడ్ తరహా మందులతో, అంటే డీఎన్ఏ నిర్మాణ భాగాలను పోలిన మందులతో, వస్తుంది. ఇవి వైరస్ ఎంజైముతో పాటు మన మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారుచేసే భాగాలు) డీఎన్ఏను నకలు తీసే గామా పాలిమరేజ్ అనే ఎంజైమును కూడా అడ్డుకోగలవు. అప్పుడు ఆ డీఎన్ఏ విభజన విభజనకూ తరిగిపోతుంది, కణం శక్తి కోసం గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చుకోవలసి వస్తుంది, చివరకు దెబ్బతిన్న మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి వచ్చి, ఎపాప్టోసిస్‌ను నడిపే కాస్పేజ్ ఎంజైములను మేల్కొలుపుతుంది.

ఈ సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను. కాలేయ కణాలపై జాల్సిటబిన్ అనే న్యూక్లియోసైడ్ తరహా మందును పరీక్షించి, 24 గంటల తరువాత కణాలన్నీ ఫ్లాస్కు అడుగున చక్కగా అతుక్కుని ఉండడం చూసి, ఆ మోతాదు సురక్షితమని రాసేశాను. పారవేయకుండా ఉంచిన ఒక ఫ్లాస్కులో, రెండో వారానికి, పోషక ద్రవం మందు లేని ఫ్లాస్కు కన్నా ముందే ఎరుపు నుంచి పసుపుకు తిరిగింది. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటోందన్న మాట. తరువాత కొద్ది రోజులకే కణాలు ముడుచుకొని, అంచుల వెంట బుడగలు పొడుచుకొచ్చి, ఊడి తేలసాగాయి.

1993లో హెపటైటిస్ బి రోగులపై జరిగిన ఫియాలురిడిన్ (ఇదీ న్యూక్లియోసైడ్ తరహా మందే) పరీక్ష నాకు ఇప్పటికీ గుర్తుకొచ్చి బాధ కలిగిస్తుంది. ఆ 15 మందిలో ఏడుగురికి కాలేయం విఫలమైంది, ఐదుగురు మరణించారు. అక్కడ కూడా హాని వారాల తరువాతే తెలిసింది, దెబ్బతిన్నదీ మైటోకాండ్రియానే.

గాన్సిక్లోవిర్ అనే యాంటీవైరల్ మందు సంగతి వేరు. హెర్పిస్ వైరస్‌కు చెందిన థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము ఉన్న కణంలోనే అది ప్రధానంగా విషరూపం దాలుస్తుంది కనుక, అక్కడ కణమరణం ఆశించదగినదే.

కాబట్టి వైరస్ లేకుండా మందు మాత్రమే కలిపిన ఫ్లాస్కును తప్పక పెట్టి, రెండు వారాలైనా గమనించండి. ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలను రంగు మార్పుతో అంచనా వేసేది) ఒక్కదానినే నమ్మకండి, అది కొలిచేది ప్రధానంగా కణంలోని జీవక్రియనే కనుక మందగించిన కణానికీ చనిపోయిన కణానికీ తేడా చూపలేదు. ఎపాప్టోసిస్ మొదలైన కణాలను గుర్తించే అనెక్సిన్ వి రంగుతో పాటు లాక్టేట్‌ను (లాక్టిక్ ఆమ్లాన్ని) కూడా కొలవండి.