బాబాయి సంవత్సరీకం: ముందు పిన్నిని అడగండి

మీ బాబాయి పోయి ఏడాది కావస్తోందనీ, అంత సరదా మనిషిని ఏడుస్తూ తలుచుకోలేమనీ, పెద్దలేమంటారోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. తద్దినం పద్ధతిగా కానివ్వండి. భోజనాలయ్యాక అందరూ అరుగు మీద చేరి తలా ఒక సంగతి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేయండి. పిన్నిగారు సరేనంటేనే సుమండీ.

ఆయన పిల్లలకు బుల్లి ప్రభలు (దేవుణ్ణి ఊరేగించే వెదురు కట్టడాలు) కట్టిచ్చేవారన్నారు కదా, అది వదలకండి. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి, అంటే జాతరకు, 11 ఊళ్ల రుద్రుల (శివుడి రూపాల) ప్రభలొస్తాయి. గంగలకుర్రు ఊరి ప్రభలను కౌశిక కాలువ నీళ్లలోంచే భుజాల మీద మోసుకొస్తారు. పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. ముందురోజు వెదురుబద్దలు, రంగుకాగితాలతో వాళ్లచేతే ఒకటి కట్టించండి. వంకరగా వచ్చినా సరిచేయొద్దు.

ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఈ రాత్రే వేరేచోట దాచండి. ఫోన్ పాడై మా మావయ్య గొంతు మాకు మిగల్లేదు.