డ్రైవ్ విప్పే ముందు కాగితం తీసుకో

చిన్నీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీకి, అదే ఫైళ్లన్నీ దాచే డ్రైవ్‌కి, ఫర్మ్‌వేర్ (దాన్ని లోపల్నుంచి నడిపించే ప్రోగ్రాం) అప్‌డేట్ పెట్టావట, అప్పట్నుంచి విండోస్ లేవడం లేదట, ఎవరికీ ఇవ్వను, ఆదివారం నేనే విప్పి చూస్తానన్నావట. "దానికి నువ్వే బుద్ధి చెప్పక్కా" అంది. చెబుదామనే కూర్చున్నాను. కానీ స్క్రూడ్రైవర్ పట్టుకుంటానన్న పిల్ల మనింట్లో నా తర్వాత ఇంకొకతి బయల్దేరిందన్న సంతోషమే ముందుకొస్తోంది. తిట్లు దారిలో పడతాయిలే.

అసలు అప్‌డేటే చెయ్యకుండా ఉండాల్సిందని మీ అమ్మ అంటే ఒప్పుకోకు. 2019లో హెచ్‌పీఈ అనే కంపెనీ వాళ్లు తమ సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక పంపారు. సరిగ్గా 32,768 గంటలు, అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక అవి చచ్చిపోతాయి, లోపల ఉన్నది తిరిగి రాదు అని. రెండును పదిహేనుసార్లు వేసి హెచ్చిస్తే వచ్చే అంకె అది. దానికి మందు కొత్త ఫర్మ్‌వేరే. కాబట్టి నీ తప్పు అప్‌డేట్ కాదు, బ్యాకప్ లేకుండా అప్‌డేట్ చెయ్యడం. ఇంత చదువు చదివి ఆ మాత్రం తట్టలేదుటే?

సరే, ముందు చిన్న పనులు. రీస్టార్ట్ చాలదు. రీస్టార్ట్‌లో చాలాసార్లు డ్రైవ్‌కు కరెంటు ఆగదు, కొత్త ఫర్మ్‌వేర్ సరిగా పట్టుకోవాలంటే అది పూర్తిగా ఆగి లేవాలి. ఛార్జర్ పీకి, పవర్ బటన్ బాగా నొక్కిపట్టి ఆపేసి, ఐదు నిమిషాలు దాని జోలికి పోకు. తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి డ్రైవ్ పేరు, సైజు చూడు.

రెండూ సరిగ్గా ఉంటే డ్రైవ్ బతికే ఉన్నట్టు. బూట్ వరస (ఏ డ్రైవ్ నుంచి ముందు లేవాలన్నది) మారిందేమో, డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతికి ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని ఉండేచోట ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందేమో చూసి, పాతదానికే తిప్పు. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగితే గుండె జారిపోనక్కర్లేదు. అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉండే అవకాశం ఎక్కువ, ఇంకో ఫోన్లోంచి చూసుకో.

పేరు వచ్చి సైజు మాత్రం వింతగా, ఏ కొన్ని మెగాబైట్లో చూపిస్తే సంగతి వేరు. ఎస్‌ఎస్‌డీలో నీ ఫైళ్లు మనమనుకున్నట్టు వరసగా ఉండవు. ఏ ముక్క ఏ చిప్పులో ఎక్కడుందో, డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ ఒక పట్టీ రాసుకుంటుంది. ఆ పట్టీ చదవలేకపోతే ఇంట్లో సామానంతా ఉన్నా అడ్రసు పోయినట్టే. బయోస్ తెర మీదే ఉంచి, కరెంటు ఇచ్చి, ఓ అరగంట వదిలెయ్. కొన్ని డ్రైవ్‌లు ఆ తీరికలో పట్టీని మళ్లీ కట్టుకుంటాయి. అస్సలు కనిపించకపోయినా ఇదే చెయ్యి, దానికి ముందు ఓసారి ఊడదీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టు.

డ్రైవ్ కనిపించి, విండోస్ మాత్రం "ఫార్మాట్ చేస్తేనే వాడగలరు" అంటే, వద్దను. ఎస్‌ఎస్‌డీలో క్విక్ ఫార్మాట్ అంటే పేరుకే క్విక్. ఆ వెంటే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, ఈ జాగా అంతా ఇక అక్కర్లేదని కంట్రోలర్‌కు చెబుతుంది. కంట్రోలర్ మాట వినే రకం. విండోస్‌లో డ్రైవ్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కూడా వద్దు, అది బాగుచేసే పేరుతో డ్రైవ్ మీద రాస్తుంది. స్టిక్కర్ మీద పీఎస్‌ఐడీ అని పెద్ద కోడ్ ఉంటే, దాంతో రీసెట్ చెయ్యమని ఎవరైనా అన్నా వినకు, అందులో ఉన్నదంతా పోతుంది.

ఇక నా సంగతి. మీ అమ్మకు ఇది చూపించాల్సి వస్తే ఇక్కడ మడిచి ఇవ్వు.

మా ఆఫీసు సర్వర్లో రెండు డ్రైవ్‌లుండేవి. ఒకే మోడల్, ఒకే సైజు, ఒకే రోజు కొన్నవి, ఒకదానికి ఒకటి నకలు. రెండింటికీ ఒకే రాత్రి ఫర్మ్‌వేర్ పెట్టాను. ఒకటి పెట్టి వారం ఆగాల్సింది. పొద్దున్న చూస్తే ఒకటి బాగుంది, రెండోది పార్టిషన్లే లేకుండా ఖాళీగా ఉంది. అయినా కంగారు పడలేదు. మంచిదాన్ని ఖాళీదాని మీదికి నకలు తీద్దామని, విండోస్ లాంటిదే ఇంకొకటి, లినక్స్, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాను. అందులో మంచిదాని పేరు ఎస్‌డీఏ, ఖాళీదాని పేరు ఎస్‌డీబీ. అరచేతి మీద పెన్నుతో "ఏ నుంచి బీకి" అని కూడా రాసుకున్నాను, అంత జాగ్రత్త నాది! అంతలో ఒక కేబుల్ వదులుగా అనిపించింది. ఆపి, బిగించి, మళ్లీ లేపాను. ఈసారి ఏది ముందు దొరికితే దానికే ఎస్‌డీఏ అన్న పేరు వచ్చింది, రెండూ తారుమారయ్యాయి. నేను అరచేయి చూసుకుని కమాండ్ కొట్టాను.

నలభై నిమిషాలు నడిచింది. ఒక్క ఎర్రర్ రాలేదు. ఖాళీదాన్ని మంచిదాని మీదికి శుభ్రంగా, ఒక్క బైటు తప్పకుండా ఎక్కించాను.

మాతో పనిచేసే ఒకమ్మాయి మూడు నెలలుగా రోజూ తీసిన రీడింగులు అందులో ఉన్నాయి. చెబితే కాసేపు ఊరుకుని, "మేడమ్, జూన్ నుంచి మళ్లీ మొదలుపెట్టనా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. రిపోర్టులో నేను "ఫర్మ్‌వేర్ లోపం వల్ల" అని రాశాను. ఆ అమ్మాయికి ఇప్పటికీ అంతే తెలుసు. డ్రైవ్ చేసిన తప్పు సగమే, మిగతా సగం నా అరచేయిది.

అందుకే స్క్రూ తిప్పే ముందు కాగితం తీసుకో. డ్రైవ్ మీది సీరియల్ నంబర్ ఒక్కో అక్షరం చూసి రాసుకో. నకలు తీయడానికి తెచ్చే కొత్తది వేరే సైజుది, పెద్దది తెచ్చుకో. పొరపాటున తిరగేయబోయినా సైజు అరిచి చెబుతుంది. లినక్స్‌లో డ్రైవ్‌లను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో పిలవకు. డిస్క్ బై-ఐడీ అనే ఫోల్డర్లో మోడలూ సీరియలూ కలిపిన పొడుగు పేర్లుంటాయి, అవే వాడు. చేతికి శ్రమే, వాడు. యూఎస్‌బీ డబ్బాలో పెడితే ఆ డబ్బా తన సీరియలే చూపించవచ్చు, అప్పుడు ఒక్కోటీ తగిలించి ఏది ఏదో తేల్చుకున్నాకే రెండూ పెట్టు.

నకలు లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో తియ్యి. చదవలేని చోట ఆగిపోకుండా దాటుకుని పోతుంది, ఎక్కడిదాకా చదివిందో రాసుకోడానికి మ్యాప్ ఫైల్ ఇస్తే మధ్యలో ఆగినా అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. ఇంకోసారి ఫర్మ్‌వేర్ ఎక్కించి చూద్దామన్న ఆశ ఏదైనా ఉంటే అది నకలు చేతికొచ్చాకే.

ఎంటర్ నొక్కే ముందు మాత్రం నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే. సలహాలేమీ చెప్పను. రెండు సీరియల్ నంబర్లలో చివరి నాలుగేసి అక్షరాలు చదివి, ఏది ఎటో చెప్పు. ఇక్కడ నేనూ కాగితం పెట్టుకుని కూర్చుంటాను.

పెద్దమ్మ