మొవ్వు అన్న ఒక్క మాట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అంది పదిహేను రోజులైంది. మొదటిసారి చదివి చిరాకేసి పక్కన పెట్టేశాను. నిన్న మళ్ళీ తీశాను. ఈసారి ఒక్కచోట గొంతు పట్టేసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు చిరాకు సంగతి.

గోదావరి పాయల మధ్య ఉన్న మీ లంకలోకి వరద వచ్చిన రాత్రి గురించి తొమ్మిది పేజీలు రాశావు. మొదటి పేజీలోనే 'నీలి గోదావరి పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురిలా ఉంది' అన్నావు. శ్రావణమాసంలో, నిండు వరదలో, గోదావరి నీలంగా ఉందా తల్లీ? నువ్వు పుట్టి పెరిగింది లంకలో. ఎర్రనీరు వచ్చిందంటే పులస చేప పడే రోజులొచ్చాయని మీ వీధిలో చిన్న పిల్లలు కూడా చెబుతారు. ఆ ఎర్రనీళ్ళు మీ గుమ్మం దాకా వచ్చాయి. కళ్ళారా చూసింది వదిలేసి, ఎక్కడో చదివిన నీలం తెచ్చి పూశావు.

నాలుగో పేజీలో మీ ఊరివాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని, పశువుల్ని తోలుకుని ఏటిగట్టు ఎక్కారు. దానికి నువ్వు రాసిన వాక్యం 'అందరూ ప్రమాదం నుండి సురక్షితంగా బయటపడ్డారు'. టీవీ వార్తల్లో చదివే వాక్యం అది. గట్టెక్కారు అను! అప్పు తీరితే గట్టెక్కామంటాం, జబ్బు తగ్గితే గట్టెక్కామంటాం, ఆడపిల్ల పెళ్ళి అయితే గట్టెక్కామంటాం. తెలుగువాళ్ళంతా పోలికగా వాడుకునే పనిని నీ కథలో మనుషులు నిజంగా, తడి కాళ్ళతో, చీకట్లో చేస్తున్నారు. రాసేవాడికి అలాంటి చోటు ఎన్నిసార్లు దొరుకుతుంది?

మీ నాన్న 'రెండో ప్రమాద హెచ్చరిక' అని విన్నాడు. వెంటనే 'ఆయన గుండెల్లో పిడుగు పడింది' అన్నావు. పిడుగు ఎందుకు? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. లంకలో మనిషికి ఆ అంకె చెబితే చాలు. రేవు మెట్లు ఎన్ని మునుగుతాయో, పశువుల పాక ఎప్పటికి ఖాళీ చెయ్యాలో లెక్క కట్టుకుంటాడు. మీ నాన్న ఆ అంకె విని లేచి ఏం చేశాడో రాయి. గేదె పలుపు విప్పాడా? బస్తాలు అటకెక్కించాడా? మురుగు కాలువ ఎగదన్నిందేమో చూడటానికి టార్చిలైటు తీసుకుని వెళ్ళాడా? నేను చదివేవాణ్ణి. ఆయన చేతులు నాకు కనిపిస్తే గుండెలో ఏం పడిందో నాకే తెలుస్తుంది.

వస్తువు పేరు పలకని వాడికి దాన్ని ఇంకోదానితో పోల్చే హక్కు లేదు. నలభై ఏళ్ళుగా అందరితో ఇదే గొడవ నాది. సంస్కృత ఆలంకారికుడు దండి అలంకారాలు చెబుతూ స్వభావోక్తిని మొట్టమొదట పెట్టాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకు కట్టించడం. ఉపమ, రూపకం ఆ తర్వాతే వచ్చాయి. మనం ఆ వరస తిరగేసి కూర్చున్నాం.

నాకు ఇది పుస్తకంలో తెలియలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. నేను రెండు రోజులు ఆగకుండా రాశాను. 'తల తెగిన సైనికుల్లా కొబ్బరిచెట్లు' అని మొదలయ్యే కవిత. అది జేబులో పెట్టుకుని మా పెదనాన్నతో తోటకి వెళ్ళాను. ఆయనది ఎకరంన్నర. నేలంతా మట్టలూ పిందెలూ గెలలూ. ఆయన ఒక్కో చెట్టు మొదట్లో ఆగి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, 'దీని మొవ్వు ఉంది. దీని మొవ్వు పోయింది. దీనిదీ పోయింది' అంటూ నడిచాడు. తోట చివరిదాకా అంతే. ఇంకో మాట లేదు.

మట్టలు విరిగినా, గెలలు రాలినా కొబ్బరిచెట్టు తేరుకుంటుంది. కానీ దానికి కొమ్మలుండవు. ఉన్నది ఒక్క మొవ్వు, నడినెత్తిన కొత్త మట్టలు పుట్టే లేత చిగురు. అది విరిగిందా, మాను నిలబడే ఉంటుంది గానీ చెట్టు పోయినట్టే. నా కవితలో అరవై పంక్తులున్నాయి. మొవ్వు అన్న మాట లేదు. నాకు తెలియక కాదు, చిన్నప్పుడు మొవ్వు తిన్నవాణ్ణి. అది కవితలో పెట్టదగ్గ మాట అనిపించలేదు, అంతే. ఆ కవిత అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. ఇప్పటికీ అది కనబడితే పేజీ తిప్పేస్తాను.

కొన్నేళ్ళకి మా వీధిలో ఒకావిడ, చేతికందొచ్చిన కొడుకు పోయిన ఇంటి గురించి చెబుతూ 'ఆ ఇంటికి మొవ్వు విరిగిపోయిందండీ' అంది. ఆ తుపాను తర్వాత తోటలు చూసిన మనిషి ఆవిడ. ఆ మాట ఆవిడ వెతుక్కోలేదు, అదే నోటికొచ్చింది. పోలిక అలా రావాలి.

అయినా ఇలాంటి మాటల్ని అచ్చులో నిలబెట్టుకోవడానికి నేను పడిన పాట్లు నీకు తెలియవు. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో దాళ్వాని రబీ చేశాడు. బోదెని చిన్న కాలువ చేశాడు. వాటికి ఓర్చుకున్నాను. పనల్ని గడ్డికట్టలు చేశాడు! పన అంటే కోసిన వరి, దానికి గింజ ఉంటుంది. ఆ ఒక్క దిద్దుబాటుతో నా కథలో కూలిమనిషి పంట మొయ్యాల్సింది గడ్డి మోసింది. ఇదేమిటని ఉత్తరం రాస్తే, అందరికీ అర్థం కావాలి కదా అన్నాడు. అర్థం కాని మాట పక్క వాక్యంలో తెలుస్తుందయ్యా, చదివేవాణ్ణి అంత తక్కువగా చూడకు అని మళ్ళీ రాశాను. జవాబు రాలేదు. ఆరేళ్ళు ఆ పత్రికకి కథ పంపలేదు.

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్. నాలుగు 'ఆయ్'లు, పది 'అండీ'లు, కాస్త వెటకారం వేస్తే గోదావరి కథ అంటున్నారు. నువ్వు ఆ దారి పట్టనందుకు సంతోషం. యాస మనిషి నోట్లో ఉంటే సరిపోదు, రచయిత చూపులో కూడా ఆ ఊరు ఉండాలి. మీ మామ్మ అటక మీద దాచినవి 'ఎండు కొబ్బరికాయలు' అన్నావు. నెలల తరబడి అటక మీదే ఉండి, లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలేస్తే అది కురిడీ. అంబాజీపేట మార్కెట్ ధరలు పేపర్లో చూడు, కురిడీలో గండేరా అని ఒక రకం, గటగట అని ఒక రకం. గటగట! కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపినట్టు లేదూ? దానికి ఏ ఉపమానం తేగలం చెప్పు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఎక్కడైనా దొరికితే చూడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చింది. అంతా వ్యవసాయం మాటలే. నేను లైబ్రరీలో కూర్చుని నోటు పుస్తకంలోకి ఎక్కించుకునేవాణ్ణి, నాకు తెలిసిన మాట కనబడితే చుట్టాన్ని చూసినట్టుండేది.

పోటీకి పంపనా, కలంపేరు పెట్టుకోనా అని అడిగావు. ఇప్పుడు వాటి తొందరేమీ లేదు. ముందు 'లా', 'వలె' ఉన్న చోటల్లా ఎర్రసిరాతో గీత గీశాను, చూసుకో. మొత్తం ముప్పై ఒకటి. ఏడో పేజీలో గీత లేదు.

అక్కడే నా గొంతు పట్టేసింది. వరద తీశాక మీ మామ్మ ఇంట్లోకి వచ్చింది. మోకాలి లోతు ఒండ్రులో వంగుని చేతులతో పొయ్యి ఎక్కడుందో తడుముకుంది. దొరికాక దాని మీద చెయ్యి అలాగే ఉంచి, 'ఏదో అంది' అని రాసి వదిలేశావు.

ఏమంది? ఆవిడ ఉన్నారా ఇంకా? ఉంటే ఈ ఆదివారమే రేవు దాటి వెళ్ళి అడుగు. ఆవిడ అన్నది అన్నట్టు రాసి, ఆ పేజీ ఒక్కటే నాకు పంపు.

ఇట్లు,
మాస్టారు