కేబుల్ పీకించేస్తే టీవీ అలవాటు పోతుందా?

ప్రశ్న: అక్కా, మాది ఎంవీపీ కాలనీ. నేను జాబ్ నుంచి ఇంటికొచ్చేసరికి 6 దాటుతుంది, అప్పటికే అత్తయ్య సీరియల్స్ మొదలైపోయి ఉంటాయి, ఇక 10 దాకా ఆపరు. తర్వాత మావారు న్యూస్ డిబేట్లు. మూడేళ్ల మావాడికి కార్టూన్ పెట్టకపోతే ముద్ద దిగదు. మొన్న కోపంలో కేబుల్ తీయించేశా, అత్తయ్య రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, మళ్లీ పెట్టించాను. ఏం చెయ్యను? (పేరు వద్దన్నారు, విశాఖపట్నం)

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదవగానే నాకు హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12న తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది కదా, స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంట్ లేదు, సాయంత్రమయ్యేసరికి మా వీధి వాళ్లమంతా మెట్లమీద చేరిపోయేవాళ్లం, ఎవరింట్లో ఏముంటే అది పంచుకుని తినేవాళ్లం, ఎప్పుడూ పెద్దగా పలకరించని పక్కింటి మామ్మగారు తన పెళ్లినాటి కబుర్లన్నీ చెప్పారు. ఇక టీవీ గోల వదిలిపోయిందనే అనుకున్నాను నేను. కరెంట్ వచ్చిన రోజు అరగంటలో మెట్లన్నీ ఖాళీ! అందుకే చెప్తున్నా, టీవీ తీసేస్తే చాలదు, ఆ టైములో ఇంకేదో ఉండాలి.

అత్తయ్యగారు పగలంతా మూడేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తి, నువ్వొచ్చాకే కదా కాస్త నడుం వాల్చేది. రోజూ టైముకి ఆవిడ దగ్గరికొచ్చి కబుర్లు చెప్పేది ఆ సీరియల్ వాళ్లే, నువ్వు కేబుల్ తీయించేసరికి వాళ్లని ఇంట్లోంచి గెంటేసినట్టు అనిపించి ఉంటుంది. నాలుగు గంటల్లో ఆవిడ నిజంగా ఎదురుచూసేవి రెండో మూడో ఉంటాయి, మిగతావి ఊరికే నడుస్తుంటాయి. అవేంటో అడుగు. గంటకి 12 నిమిషాల దాకా యాడ్స్ వెయ్యొచ్చని రూలే ఉంది, అంటే నాలుగు గంటల్లో 48 నిమిషాలు, ఆ టైములో సౌండ్ తీసేసి మాట్లాడుకున్నా బోలెడు. 2019 నుంచి మనకి కావలసిన చానెల్సే ఏరుకునే వీలుంది కాబట్టి ఆవిడ చేతే లిస్టు రాయించి కేబుల్ అబ్బాయికివ్వు, వద్దన్న చానెల్ ఆవిడే వద్దన్నట్టవుతుంది.

బాబు విషయంలో మాత్రం మొహమాటం వద్దమ్మా. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి స్క్రీన్ ముందు కూర్చోవడం రోజుకి గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. తిండి దగ్గరైతే అసలే వద్దు, టీవీ చూస్తూ తినే పిల్లాడికి కడుపు నిండిందో లేదో కూడా తెలీదు, ముద్ద వస్తే నోరు తెరుస్తాడంతే. మొదట్లో ఏడుస్తాడు, సగం వదిలేస్తాడు, బెంగపడకు, ఆకలేస్తే తింటాడు. మీతోపాటు కింద కూర్చోబెట్టి వాడి కంచం వాడికివ్వు, పప్పన్నం ఒంటినిండా పూసుకున్నా ఏమీ అనకు.

మీవారికి చెప్పు, ఆ అరుపులు వింటూ పడుకుంటే నిద్ర సరిగ్గా పట్టదని, పొద్దున్నే పేపర్ చూసుకుంటే వార్తలన్నీ అందులోనే ఉంటాయని.

మీకు అప్పుఘర్ బీచ్ దగ్గరే కదా. వారంలో ఒకట్రెండు సాయంత్రాలు ఆవిడనీ బాబునీ తీసుకెళ్లు, మోకాళ్ల నొప్పులుంటే ఆటో ఎక్కించు. రైతుబజార్‌కి వెళ్లినప్పుడు కూరలు ఆవిడనే ఏరనివ్వు, నువ్వు సంచి పట్టుకో. ఇంటికొచ్చాక నీ ఫోన్ కూడా కాసేపు బీరువాలో పెట్టు, నువ్వు రీల్స్ చూస్తూ ఆవిడని టీవీ ఆపమంటే ఎలా ఆపుతారు చెప్పు?

ముందు మాత్రం మొన్నటిదానికి సారీ చెప్పమ్మా. ఈ రాత్రే ఆవిడకిష్టమైన సీరియల్ టైముకి పక్కన కూర్చుని, ఇప్పటిదాకా కథేంటో నాకు చెప్పండత్తయ్యా అని అడుగు.