పాత పాటనే మళ్ళీ వాయిస్తే అందులో కొత్తేముంటుంది?

"జాజ్‌లో ట్రిబ్యూట్ (నివాళి) ఆల్బమ్స్ అంటూ అరవై డెబ్భై ఏళ్ళ నాటి పాటలనే అందరూ మళ్ళీ మళ్ళీ వాయిస్తుంటారు, వాటిని ఎలా ఆస్వాదించాలి, ఒరిజినల్ వింటే సరిపోదా" అని మీరు అడిగారు. సరిపోదు. ఈ ప్రశ్న మనవాళ్ళ దగ్గర్నుంచి వస్తే నాకు కాస్త బాధగా కూడా ఉంటుంది. డిసెంబర్ వచ్చిందంటే ఇదే చెన్నైలో ఒకే త్యాగరాజ కీర్తనని నాలుగు సభల్లో నలుగురి నోట విని, ఎవరు ఎక్కడ నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడడం) ఎత్తుకున్నారో ఇంటికొచ్చి మాట్లాడుకునే జనం మనం. ఆ కీర్తన పోయినేడాదే విన్నాం కదా అని ఎవరూ లేచి వెళ్ళిపోరు. చెవి తయారుగానే ఉంది, జాజ్ అనగానే దాన్ని పక్కన పెట్టేస్తున్నాం.

మా మేనమామ చెన్నైలోనే సాలిగ్రామంలో ఉంటారు. పద్దెనిమిదేళ్ళ వయసులో రాజమండ్రి నుంచి వయొలిన్ పెట్టె పట్టుకుని వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా కోడంబాకం వైపు స్టూడియోల్లో వాయించారు. పొద్దున ఒక కాల్షీట్, మధ్యాహ్నం ఇంకొకటి. ముందు పెట్టిన నొటేషన్ రాసింది రాసినట్టు వాయించడం, టేక్ ఓకే అనగానే పెట్టె సర్దుకోవడం. ఆయన విల్లు ఆడిన పాటలు మనం ఇప్పటికీ పాడుకుంటాం, కానీ ఒక్క క్యాసెట్ అట్ట మీద కూడా ఆయన పేరు లేదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

రెండేళ్ళ కిందట డిసెంబర్‌లో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. బయట వాన, కరెంటు పోయింది, టీవీ లేదు. నా దగ్గర చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంది. "మావయ్యా, ఒక పద్నాలుగు నిమిషాలు ఓపిక పట్టండి" అని జాన్ కోల్‌ట్రేన్ శాక్సఫోన్ మీద వాయించిన 'మై ఫేవరెట్ థింగ్స్' పెట్టాను. నాలుగు బార్లు (మన ఆవర్తాల్లాంటివి) గడవకముందే "ఇది సౌండ్ ఆఫ్ మ్యూజిక్ సినిమాలోది కదరా" అన్నారు. నిజానికి అది సినిమా కంటే ముందు, 1959లో న్యూయార్క్‌లో ఆడిన సంగీత నాటకంలోది. కోల్‌ట్రేన్ 1960 అక్టోబర్‌లో దాన్ని రికార్డు చేసేనాటికి ఆ సినిమా ఇంకా రాలేదు.

ఆయన కుడిచెయ్యి తొడ మీదకి వెళ్ళింది. ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు. మెకాయ్ టైనర్ పియానో మీద రెండే రెండు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పట్టుకుని వదలకుండా తిప్పుతుంటే కళ్ళు మూసుకున్నారు. అత్తయ్య స్టవ్ మీద పెట్టి తెచ్చిన కాఫీ మీద మీగడ కట్టింది, గ్లాసు ముట్టుకోలేదు. సగం దాటాక చెయ్యి ఆపి, "ఒరే, ఇతను చరణంలోకి వెళ్ళడం లేదురా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "పాట చివర్లో ఇంకో ముక్క ఉందిగా, అది ఇంకా రాలేదు. పల్లవి దగ్గరే తిరుగుతున్నాడు. దాచిపెట్టుకున్నాడు." ఆ ట్రాక్ అప్పటికి నేను కనీసం వందసార్లు విని ఉంటాను, ఈ సంగతి నా చెవికి ఎప్పుడూ తగల్లేదు. నిజంగానే ఆ ముక్క చిట్టచివర్లో వచ్చింది. రాగానే మావయ్య నిటారుగా కూర్చుని "వచ్చాడు" అన్నారు, ఎదురుచూస్తున్న చుట్టం గుమ్మంలోకి అడుగుపెట్టినట్టు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. ముందు పాట మీ నోటికి రావాలి. ఆ పాటని ఎవరైనా మామూలుగా పాడిన రికార్డు తీసుకుని, వంట చేస్తూనో మెట్రోలోనో, వారం రోజులు అదొక్కటే కూనిరాగం తీయండి. స్టాండర్డ్ అనిపించుకున్న, అంటే జాజ్‌లో అందరూ వాయించే పాటల్లో చాలావరకు 32 బార్లే ఉంటాయి, అదేం పెద్ద పని కాదు. ఆ తర్వాత కొత్తవాళ్ళ సోలో నడుస్తుంటే లోపల మీరు అసలు పాట పాడుకుంటూ ఉండండి. అప్పుడు తెలుస్తుంది ఎక్కడ కలిశారు, ఎక్కడ విడిపోయారు, ఏది కావాలని వాయించలేదు అన్నది. కోల్‌మన్ హాకిన్స్ 1939లో రికార్డు చేసిన 'బాడీ అండ్ సోల్' మూడు నిమిషాలే, అందులో కాసేపటికే అసలు మెట్టు (ట్యూన్) వదిలేసి కింద కార్డ్స్ ఒక్కటే పట్టుకుని వెళ్ళిపోతాడు. పాట నోటికి రాని వాళ్ళకి అదొక మంచి శాక్సఫోన్ చప్పుడు, అంతే. వచ్చినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది.

పనిలో పనిగా ఒక మాట. కాఫీ షాపుల్లో పాత సినిమా పాటని శాక్సఫోన్ మీద మెత్తగా, ఎక్కడా గొంతు పెంచకుండా వాయించి దాన్ని జాజ్ కవర్ అంటున్నారు చూడండి, దాని వల్లే ఇలాంటి ప్రశ్నలు వస్తున్నాయని నా గట్టి నమ్మకం. అందులో వాయించేవాడు పాటతో మాట్లాడడు, పాటని నిద్రపుచ్చుతాడు. ఇంకోటి, బేస్ సోలో మొదలవగానే కబుర్లు మొదలుపెట్టేవాళ్ళు. తని ఆవర్తనం (కచేరీలో మృదంగం వంతు) మొదలవగానే క్యాంటీన్‌కి లేచేవాళ్ళూ వీళ్ళూ ఒకటే. అరగంట నుంచి మొత్తం కచేరీని మోస్తున్న మనిషికి ఆ నాలుగు నిమిషాలూ ఇవ్వలేరా?

ట్రిబ్యూట్ ఆల్బమ్స్ దగ్గరికి వస్తాను. శాక్సఫోన్ వాయించే జో హెండర్సన్ 1992లో తెచ్చిన 'లష్ లైఫ్' అంతా బిల్లీ స్ట్రేహార్న్ సంగీతమే. స్ట్రేహార్న్ అంటే పేరున్న జాజ్ బ్యాండ్ నడిపిన డ్యూక్ ఎలింగ్టన్ పక్కనే ఉండి పనిచేసిన మనిషి. ఎలింగ్టన్ బ్యాండ్ గుర్తుగా లోకమంతా చెప్పుకునే 'టేక్ ది ఎ ట్రైన్' రాసింది ఆయనే, కానీ జనం నోట నానింది ఎలింగ్టన్ పేరు. స్ట్రేహార్న్ పోయిన పాతికేళ్ళకి హెండర్సన్ ఆల్బమ్ అట్ట మీద ఆయన పేరు అచ్చువేయించి, లోపల మాత్రం అచ్చంగా తనలాగే వాయించాడు. ఒక పాటకి పక్కన బేస్ ఒక్కటే, ఇంకోదానికి డ్రమ్స్ ఒక్కటే, మరోదానికి పియానో ఒక్కటే. అన్నిటికంటే చివర్లో 'లష్ లైఫ్', పక్కన ఎవరూ లేకుండా, ఒక్క టెనర్ శాక్సఫోన్ మీద. ఈ కథ మావయ్యకి చెప్పాక ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పేరు వేశారన్నమాట" అన్నారు. నాకు గొంతు పట్టేసింది.

ఉన్నది ఉన్నట్టు వాయించడమే గౌరవం అనేవాళ్ళు ఉంటారు. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'ని 'మోస్ట్‌లీ అదర్ పీపుల్ డూ ది కిల్లింగ్' అనే బృందం 2014లో స్వరం స్వరం అచ్చు గుద్దినట్టు వాయించి 'బ్లూ' అని విడుదల చేసింది. అది మావయ్యకి వినిపిస్తే, "ఇది ఎంత కష్టమో నాకు తెలుసురా, జీవితమంతా చేశాను. కానీ కాల్షీట్ అయ్యాక రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ పెట్టె తెరిచేవాణ్ణే, అది ఇందుకు కాదు" అన్నారు. దీనికి పూర్తిగా అవతలి కొసన శాక్సఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్ప ఉన్నాడు. శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన మన కద్రి గోపాల్‌నాథ్ గారితో కలిసి 2008లో 'కిన్స్‌మెన్' చేసినాయన. 2015లో పాత తరం శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ కోసం 'బర్డ్ కాల్స్' చేశాడు, అందులో పార్కర్ పాట ఒక్కటీ ఉన్నదున్నట్టు ఉండదు. ఆయన పలుకుల్లోంచి ముక్కలు తీసి కొత్త పాటలు కట్టాడు. పార్కర్ చేసిందీ అదేగా, పాత పాటల కార్డ్స్ కింద ఉంచి పైన కొత్త మెట్టు పెట్టడం. నా దృష్టిలో నిజమైన నివాళి ఇదే, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

ఇక పాటల యాప్‌ల మీద నాకున్న కోపం చిన్నది కాదు. ఆల్బమ్ బొమ్మ, ఒక్క పేరు, ప్లే బటన్. బేస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు, ఎక్కడో మూల వెతుక్కోవాలి, చాలాసార్లు అక్కడా ఉండదు. జాజ్‌లో పాట తెలిసిందే అయినప్పుడు, మనం వినేదే ఆ మనుషుల్ని.

ఇప్పుడు నెలకో ఆదివారం సాలిగ్రామం వెళ్తాను. స్పీకర్ బల్ల మీద పెట్టగానే మావయ్య "ముందు పేర్లు చదువు" అంటారు. నేను ముందే వెతికి కాగితం మీద రాసుకుని వెళ్తాను. టెనర్ ఫలానా, పియానో ఫలానా, బేస్, డ్రమ్స్, ఒక్కొక్కటీ నిదానంగా చదవాలి. అర్థం కాని పేరుంటే రెండోసారి చదివిస్తారు. అందరివీ అయ్యాకే "ఊఁ, ఇప్పుడు పెట్టు" అంటారు.