ఒకే నాచు పొడికి రెండు ల్యాబుల్లో రెండు నూనె శాతాలు: ఏది నమ్మాలి?

సందేహం: ఉప్పునీటి ట్యాంకుల్లో నానోక్లోరోప్సిస్ అనే సూక్ష్మ నాచు పెంచుతున్నాను. తీసిన ముద్దను ఎండలో ఆరబెట్టి, పొడి చేసి, ఒకే సంచిలోంచి రెండు ల్యాబులకు శాంపిల్ పంపాను. ఒక ల్యాబ్ లిపిడ్ (నూనె, కొవ్వు లాంటి పదార్థాలు) 30 శాతం అంది, ఇంకొకటి 11 శాతం అంది. కొనేవాళ్లు 11నే పట్టుకుని కూర్చున్నారు. ఏ ల్యాబ్ తప్పు చేసింది? నూనె శాతం మా దగ్గరే కొలుచుకునే వీలుందా? నత్రజని ఎరువు ఆపేస్తే నూనె పెరుగుతుందంటున్నారు, ఆపేయవచ్చా?

సలహా: మీరు జతచేసిన రెండు రిపోర్టులూ చూశాను. రెండింటిలోనూ శాతం ఉంది గానీ, ఏ పద్ధతిలో తీశారో లేదు, దేని మీద లెక్కగట్టిన శాతమో కూడా లేదు. తగాదా అంతా అక్కడే వచ్చింది. రెండు ల్యాబులూ తమ పని సరిగ్గానే చేసి ఉండవచ్చు. అదెలాగో ఒక లెక్కతో చూద్దాం.

మీ పొడి 100 గ్రాములు తీసుకున్నామనుకోండి. అందులో తేమ 8 గ్రాములు, బూడిద (కాల్చాక మిగిలే ఉప్పులు, ఖనిజాలు) 22 గ్రాములు ఉందనుకుందాం. ఉప్పు సరిగా వదలకుండా ఎండబెట్టిన సముద్రపు నాచులో బూడిద అంత రావడం వింతేమీ కాదు. ద్రావణి, అంటే కొవ్వును కరిగించే ద్రవం, పోసి తీస్తే 21 గ్రాముల సరుకు బయటికొచ్చింది. పొడిని ఉన్నదున్నట్టు లెక్కిస్తే ఇది 21 శాతం. తేమ పోగా మిగిలిన 92 గ్రాముల మీద లెక్కిస్తే దాదాపు 23. తేమ, బూడిద రెండూ తీసేసి, మిగిలిన 70 గ్రాముల మీద లెక్కిస్తే సరిగ్గా 30. ఇక ఆ 21 గ్రాముల్లో నూనెకు మూలమైన కొవ్వు ఆమ్లాలు 11 గ్రాములే ఉంటే, వాటిని మాత్రమే కొలిచే ల్యాబ్ 11 అని రాసిస్తుంది. పొడి ఒకటే, ఎవరూ అబద్ధం చెప్పలేదు, అంకెలు మాత్రం నాలుగు. ధాన్యం అమ్మేటప్పుడు తేమ ఎంతో చూడకుండా తూకం ఒప్పుకోరు కదా, ఇక్కడా అదే పట్టింపు ఉండాలి.

ద్రావణితో తీసిన 21 గ్రాములూ నూనె ఎందుకు కాదో చెప్పాలి. నాచు లిపిడ్‌కు ల్యాబుల్లో ఎక్కువగా వాడేది క్లోరోఫాం, మిథనాల్ కలిపిన ద్రావణి. దీనికి ఆధారం 1957లో వచ్చిన ఫోల్చ్ పద్ధతి, 1959లో వచ్చిన బ్లై–డయర్ పద్ధతి. పొడిని ద్రావణితో బాగా కుదిపి, నీళ్లు కలిపి కాసేపు ఉంచితే గొట్టంలో పొరలు విడిపోతాయి. పైన మిథనాల్, నీళ్లు. మధ్యలో తెల్లటి తెట్టులా ప్రోటీన్, పిప్పి. అడుగున క్లోరోఫాం, ముదురాకుపచ్చ రంగులో. ఆ అడుగు పొరను పిప్పెట్‌తో జాగ్రత్తగా లాగి, ముందే తూచిపెట్టుకున్న ఫ్లాస్కులో పోసి, ద్రావణి ఆవిరయ్యాక మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే లిపిడ్ అని రాస్తారు. ఆ ఫ్లాస్కును ఒకసారి వెలుతురులో పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది: అడుగున ఉండేది బంగారు రంగు నూనె కాదు, దాదాపు నల్లగా కనిపించే ఆకుపచ్చ జిడ్డు. పత్రహరితం, కెరోటినాయిడ్లు, స్టెరాల్స్, కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్లు, గ్లైకోలిపిడ్లు అన్నీ అందులోనే ఉంటాయి. తూకానికి అవన్నీ ఒకటే.

బ్లై–డయర్ పద్ధతిని మొదట చేప మాంసం కోసం తయారుచేశారు. ఎక్కువ నీరు, తక్కువ కొవ్వు ఉన్న శాంపిల్‌కు తగ్గట్టు అందులో ద్రావణి మోతాదు పెట్టారు. కొవ్వు బాగా ఉన్న సరుకుకు అదే మోతాదు మక్కీకి మక్కీ వాడితే కొంత కొవ్వు లోపలే ఉండిపోతుంది. అంటే ఒకే పద్ధతి రంగుల వల్ల అంకెను పెంచనూ గలదు, ద్రావణి చాలక తగ్గించనూ గలదు. పద్ధతి పేరు ఒక్కటే చూసి తృప్తిపడకండి, శాంపిల్‌కు ద్రావణి ఏ పాళ్లలో పోశారో కూడా అడగండి.

11 శాతం ఎలా వచ్చి ఉండవచ్చు? రెండు దారులున్నాయి. మొదటిది, కొవ్వు ఆమ్లాలను మిథైల్ ఎస్టర్లుగా (మిథనాల్‌తో కలిసి తేలిగ్గా ఆవిరయ్యే రూపంలోకి) మార్చి, ఆవిరిలోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీలో చూడటం. ఎండు పొడి కొన్ని మిల్లీగ్రాములు చాలు. గొట్టంలో ఆమ్లం, మిథనాల్ వేసి వేడిచేస్తే కొవ్వు బయటికి రావడం, ఎస్టర్‌గా మారడం రెండూ ఒకే చోట జరిగిపోతాయి. మామూలుగా నాచులో దొరకని 13 కార్బన్ల ఎస్టర్‌ను తెలిసిన మోతాదులో ముందే కలుపుతారు కాబట్టి మధ్యలో ఎంత నష్టపోయిందో కూడా లెక్క తేలుతుంది. పత్రహరితం ఎంత ఉన్నా ఈ అంకెలో చేరదు. పైగా మామూలు నూనె 100 గ్రాములు మారితే ఎస్టర్లు కూడా దాదాపు 100 గ్రాములే వస్తాయి, కాబట్టి నూనె ఎంత చేతికొస్తుందో చెప్పడానికి నా దృష్టిలో దీన్ని మించింది లేదు. మీ 11 ఈ దారిలో వచ్చిందైతే కొనేవాళ్ల మాటలో న్యాయం ఉంది.

రెండో దారి, దాణా ల్యాబుల్లో చేసే ఈథర్ ఎక్స్‌ట్రాక్ట్. రిపోర్టులో క్రూడ్ ఫ్యాట్ అని రాసేది ఇదే. సాక్స్‌లెట్ పరికరంలో పెట్రోలియం ఈథర్ గంటల తరబడి పొడి మీదుగా తిరుగుతూ కొవ్వును లాగుతుంది. ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో దీన్ని పాలకొవ్వు కోసం రూపొందించాడు. వేరుశనగ, పొద్దుతిరుగుడు లాంటి గింజలకు ఇది చక్కగా పనిచేస్తుంది, వాటి కొవ్వులో అధికభాగం ట్రైగ్లిసరైడ్లే, అంటే మామూలు నూనే, కాబట్టి. నాచు దగ్గరికొచ్చేసరికి ఈథర్ చతికిలబడుతుంది. కణపొరల్లోని లిపిడ్లు దానికి సరిగా లొంగవు. నానోక్లోరోప్సిస్ కణం రెండు నుంచి నాలుగు మైక్రాన్లే ఉంటుంది గానీ గోడ మాత్రం మొండిది. గాజుపూసలతో దంచో, అల్ట్రాసౌండ్‌తో బద్దలుకొట్టో పెడితే తప్ప ద్రావణి లోపలికి పోదు. మీ 11 ఇలా వచ్చిందైతే అది తక్కువ అంచనా. అప్పుడు మీరు గట్టిగా అడగాల్సిందే.

కాబట్టి ఇద్దరికీ ఫోన్ చేసి అడగండి: ఏ ద్రావణి, కణాలను పగలగొట్టారా, తేమ ఎంత, బూడిద ఎంత, శాతం దేని మీద, ఎన్నిసార్లు కొలిచారు. తేమ, బూడిద చెప్పలేని ల్యాబ్ అంకెను బేరంలో వాడకండి. కొనేవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి: ‘మొత్తం కొవ్వు ఆమ్లాల శాతం: తేమ, బూడిద తీసిన బరువు మీద’ అనో, ‘ఎండు బరువు మీద’ అనో కాగితం మీద రాసుకోవాలి. ఏ ఆధారం ఎంచుకున్నా ఫర్వాలేదు, ఇద్దరిదీ ఒకటే కావాలి.

మీ దగ్గరే కొలుచుకునే సంగతి. క్లోరోఫాం, మిథనాల్, హెక్సేన్ షెడ్డులోకి తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి. మొదటి రెండింటి ఆవిరి ఒంటికి చేటు, మూడోది ఇట్టే అంటుకుంటుంది. కాగితం మీద రుద్ది జిడ్డు మరక చూడటం గింజలకైతే సరదాగా ఉంటుంది గానీ నాచుకు ఏమీ చెప్పదు. నైల్ రెడ్ అనే రంగు కణాల్లోని నూనె చుక్కలకు పట్టి, నీలి లేదా ఆకుపచ్చ కాంతి పడితే పసుపు బంగారు ఛాయలో మెరుస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ మెరుపును కొలిచే ఫ్లోరిమీటర్ ఉన్నవాళ్లు ఈ రోజు శాంపిల్‌లో నిన్నటికంటే నూనె పెరిగిందా తగ్గిందా అని ఇలా త్వరగా తేల్చుకోవచ్చు. అయితే మీ నాచు గోడ దాటి రంగు లోపలికి పోవాలంటే డీఎంఎస్‌ఓ అనే ద్రావణి లాంటిది కలపాలి, శాతంగా మార్చాలంటే అదే జాతి నాచుతో క్రోమటోగ్రఫీ అంకెలు ముందే ఉండాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసి ఫాస్ఫో–వనిలిన్ కలిపితే గులాబీ రంగు వచ్చే పరీక్ష కూడా ఇలాంటిదే. చవకైనదే, కానీ రంగు అసంతృప్త కొవ్వుల వల్లే వస్తుంది. పోలికకు ఏ నూనె పెట్టుకున్నారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

మీరు నిక్కచ్చిగా చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి, లీటరు నీటికి ఎండు నాచు ఎంతుందో చూడటం: తూచిన గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ మీద వడగట్టి, ఉప్పు వదిలేలా కడిగి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారని దాకా ఆరబెట్టి తూయడం. ఈ ఆరిన ఫిల్టర్‌ను లిపిడ్ పరీక్షకు మాత్రం పంపకండి, ఆ వేడికి అసంతృప్త కొవ్వులు పాడవుతాయి. రెండోది, శాంపిల్ సరిగా తీసి పంపడం. నిజం చెప్పాలంటే ల్యాబ్ పొరపాట్లకంటే శాంపిల్ పొరపాట్లే నాకు ఎక్కువ కనిపిస్తాయి.

మీరు ఎండలో ఆరబెట్టానన్నారు. ఆ ఒక్క పనితోనే ఒమేగా-3 కొవ్వుల్లో కొంత గాలికి, వెలుతురుకు ఆక్సీకరణం చెంది ఉంటుంది. ఇకమీదట ఇలా చేయండి. ట్యాంకు బాగా కలిపి, ప్రతిసారీ రోజులో ఒకే వేళకు తీయండి. పగలు కూడబెట్టిన నిల్వలను కణాలు రాత్రి కొంత వాడుకుంటాయి కాబట్టి పొద్దున తీసిందీ సాయంత్రం తీసిందీ ఒకటి కాదు. సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి వేరుచేసిన ముద్దను మంచినీళ్లతో కాక అమ్మోనియం ఫార్మేట్ ద్రావణంతో కడగండి. ఉప్పు పోతుంది, కణాలు పగలవు, ఆరబెట్టేటప్పుడు ఆ లవణం తనంతట తానే ఎగిరిపోతుంది. వెంటనే గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రయింగ్ (గడ్డకట్టిన స్థితిలోనే నీటిని తీసేయడం) సదుపాయం ఉంటే అందులో ఆరబెట్టించండి. తడి ముద్దను మామూలు ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉంచితే కణాల్లోని లైపేజ్ ఎంజైములు ఊరుకోవు, కొవ్వును విరగ్గొట్టి విడి ఆమ్లాలుగా మార్చేస్తాయి. ఆరిన పొడిని గాలి చొరబడని ముదురు రంగు సీసాలో, మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచండి. పంపేది బాగా కలిపిన ఒకే పొడి అయి ఉండాలి, మూడు భాగాలు చేయండి: ఇద్దరికీ చెరొకటి, మూడోది మీ దగ్గర. తేడా వస్తే ఆ మూడోదే మీ సాక్ష్యం.

ఇక నత్రజని. ఆపితే నూనె శాతం పెరుగుతుంది, అందులో సందేహం లేదు. ప్రోటీన్ కట్టుకోవడానికి నత్రజని లేక కణాలు విభజన తగ్గించుకుంటాయి, వెలుతురులో పట్టిన కార్బన్‌ను నూనె చుక్కలుగా దాస్తాయి. పత్రహరితం తగ్గి ట్యాంకు ముదురాకుపచ్చ నుంచి పసుపు ఛాయలోకి తిరుగుతుంది. కానీ పెరుగుదల కుంటుపడుతుంది. రోజుకు లీటరుకు 0.2 గ్రాముల నాచు 20 శాతం నూనెతో వస్తే 40 మిల్లీగ్రాముల నూనె. 30 శాతానికి ఎక్కించి పెరుగుదల 0.1 గ్రాముకు పడిపోతే 30 మిల్లీగ్రాములే. శాతం చూసి మురిసిపోయి నూనె పోగొట్టుకున్నట్టు. అందుకే ట్యాంకులన్నింటికీ ఒకేసారి నత్రజని ఆపకండి. ముందు బాగా పెంచి, తీసే ముందు కొన్ని రోజులు ఒకే ట్యాంకులో ఆపి చూడండి, ఎండు బరువు రోజూ రాసుకోండి.

ఇంకో మాట, కొనేవాళ్లు దేనికి కొంటున్నారో కనుక్కోండి. ఇంధనానికైతే ట్రైగ్లిసరైడ్లు ఎంత ఉంటే అంత మేలు. చేప, రొయ్య పిల్లల మేతకో, ఒమేగా-3 కోసమో అయితే వాళ్లకు కావాల్సింది ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం. నానోక్లోరోప్సిస్‌లో అది ఎక్కువగా కణపొరల లిపిడ్లలోనే ఉంటుంది. నత్రజని ఆపితే పామిటిక్, పామిటోలియిక్ ఆమ్లాలు పెరిగి, మొత్తం కొవ్వులో ఈపీఏ వాటా పడిపోతుంది. అలాంటి కొనుగోలుదారుకు నత్రజని ఆపిన సరుకు అమ్మబోయి మొత్తం లిపిడ్ శాతం చూపించినా వాళ్లు ఒప్పుకోరు. అప్పుడు రిపోర్టులో ఒక్కో కొవ్వు ఆమ్లం విడివిడిగా ఇమ్మని ల్యాబ్‌ను అడగండి. గ్యాస్ క్రోమటోగ్రఫీ చేసినవాళ్ల దగ్గర ఆ వివరం ముందే ఉంటుంది, రెండోసారి పరీక్ష చేయించాల్సిన పని లేదు.